శ్వాస గొట్టం సరైన దారిలో పడిందా? సెకన్లలో చెప్పే స్కానింగ్ భద్రాచలం ఏజెన్సీకి ఎందుకు ముఖ్యం?

చర్ల మండలంలో అడవిని ఆనుకుని ఉన్న ఒక ఊరు అనుకోండి. వర్షాకాలం, అర్ధరాత్రి. నేల మీద పడుకున్న మనిషిని కట్లపాము కాటేసింది. నొప్పి పెద్దగా లేదు, వాపు లేదు. చీమ కుట్టిందేమో అనుకుని మళ్లీ పడుకున్నాడు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది, మింగుడు పడటం లేదు. 108కి ఫోన్ చేశారు. భద్రాచలం సుమారు 60 కిలోమీటర్లు. దారిలో ఊపిరి తగ్గుతూ వచ్చింది.

ఆసుపత్రికి చేరగానే డాక్టర్లు నోటి గుండా గొంతులోకి ఒక గొట్టం వేస్తారు. బయట నిలబడ్డ బంధువులకు ఎవరో వచ్చి "పైపు వేశారు, వెంటిలేటర్ మీద పెట్టారు" అని చెబుతారు. అందరూ కాస్త ఊపిరి పీల్చుకుంటారు.

అయితే సరిగ్గా ఆ క్షణంలోనే లోపల ఒక ప్రశ్నకు జవాబు దొరకాలి. ఆ గొట్టం ఊపిరితిత్తులకు వెళ్లే దారిలో పడిందా, లేక కడుపులోకి వెళ్లే దారిలో పడిందా?

ఈ రెండు దారులూ గొంతులో పక్కపక్కనే ఉంటాయి. తప్పు దారిలో పడితే సరిదిద్దుకోవడానికి ఉండే సమయం కొద్ది నిమిషాలే. దాన్ని పసిగట్టే పద్ధతుల్లో ఇప్పుడు అల్ట్రాసౌండ్ స్కానింగ్ కూడా చేరింది. గర్భిణులకు చేసే స్కానింగ్ వెనకున్న సాంకేతికతే ఇది. మరి ఆ యంత్రం అత్యవసర విభాగంలో మంచం పక్కకు, అంబులెన్సులోకి ఎందుకు అంత సులభంగా రావడం లేదు? ఆసుపత్రుల మధ్య దూరాలు ఎక్కువగా ఉన్న ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో ఇది ఎందుకు పెద్ద విషయం? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు ఈ గొట్టం ఎవరికి వేస్తారు?

సొంతంగా ఊపిరి తీసుకోలేని వాళ్లకు, స్పృహ తప్పి తమ గొంతును తాము కాపాడుకోలేని వాళ్లకు వేస్తారు. దీన్ని వైద్యులు ఇంట్యుబేషన్ అంటారు. నోటి నుంచి స్వరతంత్రుల మధ్యగా శ్వాసనాళంలోకి ప్లాస్టిక్ గొట్టం దించి, ఆంబు బ్యాగ్‌తోనో వెంటిలేటర్‌తోనో గాలి పంపుతారు.

పెద్ద నగరాల్లో ఇది ఎక్కువగా ఆపరేషన్ థియేటర్లలో, మత్తు డాక్టర్ల చేతుల మీదుగా, ముందే చేసుకున్న ఏర్పాట్ల మధ్య జరుగుతుంది. అటవీ సరిహద్దులో పరిస్థితి వేరు. ఇక్కడ గొట్టం అవసరమయ్యే రోగులు చెప్పి రారు.

మొదటిది పాముకాటు. నాగుపాము, కట్లపాము విషం నరాల మీద పనిచేసి, ఊపిరి తీసే కండరాలను చచ్చుబడేస్తుంది. కట్లపాము కాటులో విషానికి విరుగుడు ఇచ్చినా, చచ్చుబడిన కండరాలు వెంటనే కోలుకోవు. కొన్నిసార్లు రోజుల తరబడి యంత్రమే ఊపిరి పోయాలి. ఆ కొన్ని రోజులు దాటితే మనిషి లేచి ఇంటికి నడిచి వెళ్తాడు. అంటే ఇది బతికించుకోగలిగిన ప్రాణం. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని, అంటే ఏడాదికి సగటున 58 వేల మంది అని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళికను కూడా ప్రకటించింది.

రెండోది పురుగుమందు. పత్తి, మిర్చి పండే ప్రాంతంలో పురుగుమందు డబ్బా ప్రతి ఇంట్లో అందుబాటులో ఉంటుంది. ఆర్గానోఫాస్ఫేట్ రకం మందు లోపలికి పోతే నోట్లో, ఊపిరితిత్తుల్లో నీరు ఊరిపోతుంది, కండరాలు బలహీనపడతాయి. గొంతు నిండా నురగ ఉన్న మనిషికి గొట్టం వేయడం ఎంత కష్టమో ఊహించుకోండి.

మూడోది రోడ్డు ప్రమాదాల్లో తలకు తగిలే దెబ్బలు. వీటికి తోడు మెదడుకు ఎక్కిన మలేరియా, గర్భిణుల్లో బీపీ పెరిగి వచ్చే ఫిట్స్. ఇవన్నీ గొట్టం దాకా తీసుకెళ్లగల పరిస్థితులే.

తప్పు దారిలో పడితే వెంటనే తెలియదా?

తెలుస్తుందనే చాలామంది అనుకుంటారు. చిక్కు అక్కడే ఉంది.

గొట్టం వేసిన వ్యక్తి అది స్వరతంత్రుల మధ్య నుంచి వెళ్లడం కళ్లారా చూడాలి. అయితే రక్తం, నురగ, వాంతి ఉన్నప్పుడు అది సరిగ్గా కనిపించదు. చూసినా, తర్వాత గొట్టాన్ని ప్లాస్టర్‌తో బిగించేటప్పుడు జారవచ్చు. అందుకే ఇంకో నిర్ధారణ కావాలి. పాత పద్ధతులు కొన్ని ఉన్నాయి. అవి ఎంతవరకు నమ్మదగినవో చూడండి.

స్టెతస్కోప్: ఛాతీకి రెండు వైపులా పెట్టి వింటారు. కానీ కడుపులోకి పోతున్న గాలి శబ్దం కూడా ఛాతీ మీద వినిపించవచ్చు. సన్నగా ఉన్నవాళ్లలో, పిల్లల్లో ఇంకా మోసపోతాం. కదులుతున్న అంబులెన్సులో అయితే ఇంజిన్ చప్పుడు, సైరన్ మధ్య వినడమే కష్టం.

గొట్టంలో ఆవిరి: ఊపిరి వదిలినప్పుడు గొట్టం లోపల ఆవిరి పడితే సరిగ్గా ఉన్నట్టేనని ఒక నమ్మకం. అన్నవాహికలో పడినా ఆవిరి కనిపించవచ్చు.

ఛాతీ కదలిక: కడుపు ఉబ్బుతున్నప్పుడు పక్కటెముకలు కదిలినా ఛాతీ లేస్తున్నట్టే అనిపిస్తుంది.

పల్స్ ఆక్సీమీటర్: కోవిడ్ రోజుల్లో మనందరికీ పరిచయమైన వేలి క్లిప్పు. దీన్నే అందరూ ఎక్కువగా నమ్ముతారు, ఇదే ఆలస్యంగా చెబుతుంది. గొట్టం వేసే ముందు రోగికి ఆక్సిజన్ పట్టించి ఉంటారు. ఆ నిల్వ ఉన్నంతసేపు గొట్టం కడుపులో ఉన్నా తెర మీద 97, 98 అనే అంకెలే కనిపించవచ్చు. అవి పడిపోవడం మొదలయ్యేసరికి విలువైన నిమిషాలు గడిచిపోయి ఉంటాయి. ఆక్సిజన్ పూర్తిగా అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

గొట్టం తప్పు దారిలో పడటం నేరం కాదు, చేతకానితనం కూడా కాదు. అనుభవం ఉన్న డాక్టర్లకూ జరుగుతుంది. తైవాన్‌లో 112 మంది అత్యవసర రోగుల మీద జరిపి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 17 మందికి గొట్టం మొదట అన్నవాహికలోకే వెళ్లింది. వెంటనే గుర్తిస్తే తీసి మళ్లీ వేయవచ్చు. ప్రమాదమల్లా తప్పు పడిందని తెలుసుకోకపోవడమే.

మొదటి సాక్షి ఎవరు?

స్కానింగ్ గురించి మాట్లాడే ముందు ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఈ విషయంలో అన్నిటికంటే నమ్మదగిన పరీక్ష స్కానింగ్ కాదు. క్యాప్నోగ్రఫీ.

పేరు కొత్తగా ఉన్నా సూత్రం సులభం. ఊపిరితిత్తుల నుంచి బయటకు వచ్చే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. కడుపు నుంచి వచ్చే గాలిలో అది నిలకడగా రాదు. గొట్టం చివర ఒక సెన్సర్ పెడితే, ప్రతి ఊపిరికీ తెర మీద ఒక గీత పైకి లేచి కిందికి దిగుతుంది. గీత అలా లేస్తూ ఉంటే గొట్టం సరైన దారిలో ఉన్నట్టు. చదునుగా ఉంటే, వేరే విధంగా రుజువయ్యేదాకా తప్పు దారిలో ఉన్నట్టే అనుకోవాలి.

బ్రిటన్‌లో మత్తు డాక్టర్ల సంస్థలు జరిపిన ఒక జాతీయ పరిశీలన నివేదిక 2011లో వచ్చింది. ఐసీయూల్లో శ్వాసమార్గం సమస్యలతో జరిగిన మరణాల్లో 70 శాతానికి పైగా క్యాప్నోగ్రఫీ వాడకపోవడం వల్ల, లేదా దాని గీతను సరిగ్గా అర్థం చేసుకోకపోవడం వల్ల జరిగి ఉండవచ్చని అది తేల్చింది. ఆ తర్వాత అక్కడ "గీత లేకపోతే గొట్టం చోటు తప్పినట్టే" అనే అర్థం వచ్చే నినాదంతో ప్రచారమే నడిపారు. మన దేశంలో ఆలిండియా డిఫికల్ట్ ఎయిర్‌వే అసోసియేషన్ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా గొట్టం చోటును క్యాప్నోగ్రఫీతోనే నిర్ధారించాలని చెబుతున్నాయి.

2022లో వచ్చిన అంతర్జాతీయ ఏకాభిప్రాయ మార్గదర్శకాలు ఇంకా వివరంగా చెప్పాయి. ఒకటి రెండు గీతలు చూసి సరిపెట్టుకోకూడదు, కనీసం ఏడు శ్వాసల పాటు గీత నిలకడగా రావాలి. స్టెతస్కోప్ శబ్దం, ఛాతీ కదలిక లాంటి వాటిని నమ్మి "కడుపులో లేదు" అనే నిర్ణయానికి రాకూడదు. గీత రాకపోతే గొట్టం తీసేయడమే మొదటి ఆలోచన కావాలి. వెంటనే తీయడం ప్రమాదం అనిపిస్తే వేరే పద్ధతుల్లో నిర్ధారించుకోవాలి. ఆ పద్ధతుల జాబితాలో ఉన్నదే అల్ట్రాసౌండ్.

మరి స్కానింగ్ ఏం చూపిస్తుంది?

మెడ కింది భాగంలో, రెండు కాలర్ ఎముకల మధ్య ఒక గుంట ఉంటుంది. మీ వేలితో తడిమి చూసుకోండి. దానికి కాస్త పైన జెల్ రాసి, చదునుగా ఉండే చిన్న ప్రోబ్‌ను అడ్డంగా పెడతారు.

అల్ట్రాసౌండ్ తరంగాలు గాలిని దాటలేవు. అందుకే గాలి నిండిన శ్వాసనాళం తెర మీద వంపు తిరిగిన తెల్లటి గీతలా, దాని వెనక నీడతో కనిపిస్తుంది. అన్నవాహిక సాధారణంగా ముడుచుకుని, శ్వాసనాళానికి ఎడమ పక్కన కాస్త వెనగ్గా దాగి ఉంటుంది. గొట్టం సరైన దారిలో పడితే తెర మీద తెల్లటి వంపు ఒక్కటే ఉంటుంది. తప్పు దారిలో పడితే అన్నవాహిక తెరుచుకుని పక్కన ఇంకో తెల్లటి వంపు కనిపిస్తుంది. అంటే మనిషికి రెండు శ్వాసనాళాలు ఉన్నట్టు అనిపిస్తుంది. రెండోది కనిపించిందంటే గొట్టం తీసేయాలి.

తర్వాత ప్రోబ్‌ను ఛాతీకి రెండు వైపులా పెట్టి చూస్తారు. గాలి వెళ్తున్న ఊపిరితిత్తి పొర, పక్కటెముకల కింద మెరుస్తూ ముందుకు వెనక్కు జారుతుంటుంది. కుడి వైపు మాత్రమే జారుతూ ఎడమ వైపు ఆగిపోయి ఉంటే, గొట్టం మరీ లోపలికి దిగి కుడి ఊపిరితిత్తి దారిలోకి వెళ్లిందేమో అని అనుమానించాలి. అప్పుడు కాస్త బయటకు లాగితే సరిపోవచ్చు.

ఎంత సమయం పడుతుంది? పైన చెప్పిన తైవాన్ అధ్యయనంలో సగం పరీక్షలు 9 సెకన్లలోపే ముగిశాయి. 17 అధ్యయనాలు, 1,595 మంది రోగుల వివరాలను కలిపి 2018లో చేసిన విశ్లేషణలో సగటు 13 సెకన్లు.

స్కానింగ్‌కు ఉన్న అసలు బలం రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి, ఇది రక్త ప్రసరణ మీద ఆధారపడదు. గుండె ఆగిన రోగిలో ఊపిరితిత్తులకు రక్తం సరిగ్గా వెళ్లదు కాబట్టి క్యాప్నోగ్రఫీ గీత బాగా చిన్నదైపోతుంది. అది చూసే వాళ్లకు సందేహం వస్తుంది. అలాంటప్పుడు స్కానింగ్ రెండో సాక్షిలా ఉపయోగపడుతుంది. రెండు, గాలి పంపకముందే, గొట్టం వెళ్తుండగానే మెడ మీద చూడవచ్చు. తప్పు తెలిసేసరికి కడుపు నిండా గాలి కొట్టి, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే పరిస్థితి రాకుండా ఆపవచ్చు.

అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2015 మార్గదర్శకాల్లో కూడా ఇదే వరస ఉంది. గీత చూపించే క్యాప్నోగ్రఫీ అన్నిటికంటే నమ్మదగినది. అది లేనిచోట, అనుభవం ఉన్నవారు చేసే అల్ట్రాసౌండ్ ఒక ప్రత్యామ్నాయం.

అయితే స్కానింగ్ ఒక్కటే చాలదా?

చాలదు. 2018 విశ్లేషణలోని అంకెలనే తీసుకోండి. సరిగ్గా పడిన గొట్టాన్ని సరిగ్గా పడిందని చెప్పడంలో స్కానింగ్ 98.7 శాతం, తప్పుగా పడినదాన్ని పట్టుకోవడంలో 97.1 శాతం కచ్చితంగా ఉంది. వినడానికి చాలా బాగుంది. దాన్నే తిప్పి చదవండి. కడుపు దారిలో పడిన ప్రతి వంద గొట్టాల్లో సుమారు మూడింటిని స్కానింగ్ "బాగానే ఉంది" అనేసే అవకాశం ఉంది. స్కానింగ్‌ను మాత్రమే నమ్ముకుంటే ఆ ముగ్గురి సంగతేమిటి? అందుకే గీత చదునుగా ఉండి, స్కానింగ్ బాగుందన్నా, అనుమానం గీత వైపే ఉండాలి.

ఇంకొన్ని పరిమితులు ఉన్నాయి. మెడ పొట్టిగా లావుగా ఉన్నా, పెద్ద గాయిటర్ ఉన్నా, చర్మం కింద గాలి చేరినా, ప్రమాదంలో మెడకు పట్టీ వేసి ఉన్నా బొమ్మ సరిగ్గా రాదు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన రోగిలో గొట్టం సరిగ్గానే ఉన్నా పొర జారడం కనిపించదు. అన్నిటికంటే ముఖ్యంగా, స్కానింగ్ చూసిన క్షణం సంగతే చెబుతుంది. పది నిమిషాల తర్వాత గొట్టం జారితే అది చెప్పదు. క్యాప్నోగ్రఫీ మాత్రం గొట్టం ఉన్నంతసేపూ కాపలా కాస్తుంది.

భద్రాచలం నుంచి హైదరాబాద్ దాకా ఒకే గొట్టం

ఈ కాపలా సంగతి ఏజెన్సీలో ఎందుకు ముఖ్యమో మ్యాప్ చూస్తే అర్థమవుతుంది.

భద్రాచలం ఏరియా ఆసుపత్రికి చర్ల, దుమ్ముగూడెం మండలాల వాళ్లే కాదు, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం వైపు నుంచీ వస్తారు. సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్ జిల్లాల నుంచీ వస్తారు. కోయ, గొత్తికోయ గూడేల నుంచి ముందు మంచం మీదో, జెట్టీ కట్టో, బైక్ మీదో రోడ్డు దాకా తెచ్చి, అక్కడ అంబులెన్స్ ఎక్కించే సందర్భాలు మీరు వార్తల్లో చూసే ఉంటారు.

భద్రాచలంలో గొట్టం వేశాక, ఇంకా పెద్ద వైద్యం కావాలంటే ప్రయాణం మళ్లీ మొదలవుతుంది. కొత్తగూడెం సుమారు 40 కిలోమీటర్లు. ఖమ్మం సుమారు 120. అక్కడి నుంచి వరంగల్ ఎంజీఎం ఇంకో 120, హైదరాబాద్ అయితే 200. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలవడం ఈ దూరాన్ని కొంత తగ్గించే మార్పే. అయినా తలకు దెబ్బ తగిలిన మనిషి ఒకే గొట్టంతో రెండు మూడు ఆసుపత్రులు మారడం ఈ దారిలో వింత కాదు.

ఇప్పుడు గొట్టం వైపు నుంచి ఆలోచించండి. మంచం నుంచి స్ట్రెచర్ మీదికి, స్ట్రెచర్ నుంచి అంబులెన్సులోకి, మళ్లీ దించి ఇంకో మంచం మీదికి మారుస్తారు. తల ముందుకు వంగితే గొట్టం లోపలికి దిగుతుంది, వెనక్కు వాలితే బయటకు వస్తుంది. ఈ కదలిక ఒకటి రెండు సెంటీమీటర్లు ఉండవచ్చు. పిల్లల్లో ఆ మాత్రం చాలు గొట్టం చోటు మారడానికి. గుంతల రోడ్డు, స్పీడ్ బ్రేకర్లు, పక్కకు తిరిగే రోగి దీనికి తోడు. భద్రాచలంలో సరిగ్గా పడిన గొట్టం పాల్వంచ దాటేసరికి సరిగ్గా లేకపోవచ్చు.

అంటే నిర్ధారణ ఒక్కసారి చేసి వదిలేసే పని కాదు. గొట్టం వేసినప్పుడు ఒకసారి, అంబులెన్స్ ఎక్కించాక ఒకసారి, దించాక ఒకసారి, మధ్యలో నిరంతరం చూస్తూనే ఉండాలి.

ఒక్కోసారి ప్రయాణమే సాధ్యం కాదు. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అలాంటి రోజున ఆ ఒడ్డున ఉన్న ఆసుపత్రిలో ఉన్న చేతులే, ఉన్న యంత్రాలే దిక్కు. పెద్దాసుపత్రికి పంపిస్తే అక్కడ చూసుకుంటారు అనుకునే వీలు ఉండదు.

యంత్రం అంబులెన్సులోకి ఎందుకు రాదు?

ఇక్కడే మన దేశానికి ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఫోన్‌కు తగిలించుకునే చిన్న ప్రోబ్‌లు ప్రపంచంలో చాలాచోట్ల అత్యవసర వైద్యుల జేబుల్లోకి వచ్చేశాయి. మన దగ్గర ఏ అల్ట్రాసౌండ్ పరికరమైనా, చిన్నదైనా పెద్దదైనా, గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ చట్టం పరిధిలోకి వస్తుంది. కొనాలన్నా, పెట్టాలన్నా, చోటు మార్చాలన్నా రిజిస్ట్రేషన్ కావాలి.

ఈ చట్టం ఊరికే రాలేదు. ఆరేళ్లలోపు పిల్లల్లో ప్రతి వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లల సంఖ్య దేశంలో 2001లో 927 ఉంటే 2011 జనాభా లెక్కల నాటికి 918కి పడిపోయింది. బ్యాగులో పట్టే స్కానింగ్ యంత్రాలు ఊరూరా తిరిగి ఆడపిండాలను పట్టిచ్చిన చరిత్ర దేశంలో ఉంది. అందుకే 1994 చట్టాన్ని 2003లో బిగించారు. 2012లో నిబంధనలు సవరించి, పోర్టబుల్ యంత్రాలను రెండు సందర్భాలకే పరిమితం చేశారు. ఒకటి, రిజిస్టరైన ఆవరణలో ఇన్‌పేషెంట్లకు వాడటం. రెండోది, ఇతర వైద్య సేవలు కూడా అందించే సంచార వైద్య వాహనంలో భాగంగా వాడటం. స్కానింగ్ చేసే ఎంబీబీఎస్ డాక్టర్లకు ఆరు నెలల శిక్షణ నిబంధనలు 2014లో వచ్చాయి.

ఈ నిబంధనలు గర్భిణి పొట్ట మీద పెట్టే ప్రోబ్‌కూ, పాముకాటు రోగి మెడ మీద పెట్టే ప్రోబ్‌కూ పెద్దగా తేడా చూపవు. ఫలితం ఏమిటంటే, యంత్రం సాధారణంగా ఒక గదిలో, తాళం కింద, ఒక డాక్టర్ పేరు మీద ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2022 నవంబర్‌లో 44 ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణుల కోసం 56 టిఫా స్కానింగ్ యంత్రాలను ప్రారంభించింది. అంటే ప్రభుత్వ ఆసుపత్రులకు ఈ సాంకేతికత కొత్తది కాదు. దాన్ని రాత్రి రెండింటికి అత్యవసర విభాగంలో మంచం పక్కకు తెచ్చే ఏర్పాటు ఉందా అన్నదే ప్రశ్న.

చట్టాన్ని సడలించమని అడగడం సులభం. అలా అడిగితే ఆడపిల్లల ప్రాణాన్ని, పాముకాటు రోగి ప్రాణాన్ని తక్కెడలో పెట్టినట్టవుతుంది. రెండింటినీ కాపాడే దారి చట్టం లోపలే వెతకాలి. జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లో అత్యవసర విభాగాన్ని ప్రత్యేకంగా రిజిస్టర్ చేసి, లోతుగా చూడలేని, మెడ, ఛాతీలకు సరిపోయే ప్రోబ్ మాత్రమే ఉన్న యంత్రాన్ని అక్కడ ఉంచవచ్చు. ప్రతి వాడకానికీ రోగి నంబరు, సమయం, బొమ్మ నమోదయ్యేలా చేయవచ్చు. అధికారులు నెలకోసారి ఆ రికార్డును చూడవచ్చు. అప్పుడు యంత్రం మంచం పక్కనే ఉంటుంది, దాని మీద నిఘా కూడా ఉంటుంది.

ముందు దేని మీద ఖర్చు పెట్టాలి?

కొత్త యంత్రం ఏదైనా వార్త అవుతుంది. క్యాప్నోగ్రఫీ సెన్సర్ వార్త కాదు. కానీ డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు వరస ఇలా ఉండాలి.

మొదటిది, గొట్టం వేసే ప్రతి చోటా, గొట్టంతో రోగిని తీసుకెళ్లే ప్రతి అంబులెన్సులో పనిచేసే క్యాప్నోగ్రఫీ. మన అంబులెన్సుల జాతీయ ప్రమాణాలు వాహనాలను నాలుగు రకాలుగా విభజించాయి. వెంటిలేటర్ అవసరమైన రోగిని తీసుకెళ్లాల్సింది అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్ రకంలో. అంబులెన్స్ మీద ఆ పేరు రాసి ఉండటం వేరు, లోపల సెన్సర్ పనిచేయడం వేరు. సెన్సర్‌కు వాడే చిన్న గొట్టాలు, అడాప్టర్లు అయిపోతే మళ్లీ తెప్పించే ఏర్పాటు కూడా యంత్రం కొన్నంత ముఖ్యం.

రెండోది, గొట్టం వేసేటప్పుడు గొంతు లోపలిని తెర మీద చూపించే వీడియో లారింగోస్కోప్. 2022 మార్గదర్శకాలు దీన్ని వీలైన ప్రతిచోటా వాడమంటున్నాయి. తెర ఉంటే వేసే డాక్టర్ ఒక్కరే కాదు, పక్కనున్న నర్సు కూడా గొట్టం ఎటు వెళ్తోందో చూడగలరు.

మూడోది స్కానింగ్, దాంతోపాటు దాన్ని చదవగల చేతులు. ఒంటి వంపా, జంట వంపా గుర్తించడం నేర్చుకోవడానికి ఏళ్లు పట్టదు. కానీ నేర్చుకున్నది నిలవాలంటే తరచూ చేస్తుండాలి. మన దేశంలో ఎమర్జెన్సీ మెడిసిన్‌ను ప్రత్యేక వైద్య విభాగంగా గుర్తించింది 2009లోనే. ఆ నిపుణులు ప్రతి ఏరియా ఆసుపత్రికీ చేరడానికి ఇంకా సమయం పడుతుంది. అప్పటిదాకా ఇప్పటికే అక్కడున్న మత్తు డాక్టర్లు, డ్యూటీ డాక్టర్లకు నేర్పడమే దగ్గరి దారి.

మీరు ఏం అడగవచ్చు?

మీరు హైదరాబాద్‌లోనో, ఖమ్మంలోనో ఉండి ఇది చదువుతూ ఉండవచ్చు. అమ్మానాన్నలు ఊళ్లో ఉండవచ్చు. ఏదో ఒక రాత్రి ఫోన్ రావచ్చు. ఆ సమయానికి ఈ నాలుగు మాటలు గుర్తుంటే చాలు.

గొట్టం వేస్తున్నప్పుడు లోపలికి వెళ్లి ప్రశ్నలు అడగకండి. ఆ కొద్ది నిమిషాలు వాళ్లకు వదిలేయండి. వేశాక, రోగిని పంపించే ముందు నెమ్మదిగా అడగండి.

ఒకటి: "గొట్టం సరిగ్గా ఉందని కార్బన్ డయాక్సైడ్ గీతతో చూశారా?" ఆ సౌకర్యం లేదంటే, "స్కానింగ్‌తో గానీ, మళ్లీ గొంతులో చూసి గానీ నిర్ధారించారా?" అని అడగండి.

రెండు: "గొట్టం పెదవి దగ్గర ఎన్ని సెంటీమీటర్ల గుర్తు వద్ద ఉంది? రెఫరల్ కాగితంలో రాశారా?" సాధారణంగా మహిళల్లో 21, పురుషుల్లో 23 దగ్గర ఉంటుంది, మనిషిని బట్టి కాస్త మారుతుంది. అవతలి ఆసుపత్రి వాళ్లకు ఆ అంకె చాలా ఉపయోగం. దించినప్పుడు అంకె మారి ఉంటే గొట్టం కదిలినట్టే.

మూడు: "అంబులెన్సులో గీత చూపించే మానిటర్ ఉందా? వెంట వచ్చే వాళ్లలో గొట్టం జారితే తీసి, బ్యాగ్, మాస్క్‌తో గాలి ఇవ్వగలిగిన వాళ్లు ఉన్నారా?" గొట్టం లేకపోయినా మాస్క్‌తో ఊపిరి అందించవచ్చు. తప్పు దారిలో ఉన్న గొట్టం కంటే ముఖానికి సరిగ్గా బిగించిన మాస్క్ వెయ్యి రెట్లు నయం.

నాలుగు: అవతలి ఆసుపత్రికి చేరాక, "మంచం మీదికి మార్చాక గొట్టం మళ్లీ చూశారా?" అని అడగండి.

ఈ ప్రశ్నలు ఎవరినీ తప్పుపట్టడానికి కాదు. 108లో వచ్చే ఈఎంటీ, పైలట్, రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉండే డాక్టర్ చాలా తక్కువ వసతులతో పెద్ద పని చేస్తున్నారు. వాళ్ల చేతికి సెన్సర్ కావాలని, యంత్రం కావాలని గట్టిగా అడగాల్సింది బయట ఉన్న మనం. మన ప్రాంతంలో ఈ రోజు గొట్టంతో బయల్దేరే అంబులెన్సుల్లో ఎన్నింటిలో గీత చూపించే మానిటర్ పనిచేస్తోందో జిల్లా వైద్యాధికారులను, మీ ఎమ్మెల్యేను అడగండి. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టినా చాలు.

కట్లపాము కాటేసిన మనిషికి కావాల్సింది కొన్ని రోజుల ఊపిరి. ఆ ఊపిరి అందుతోందా లేదా అన్నది గొట్టం వేసిన మొదటి నిమిషంలోనే తేలిపోవాలి.